అన్నట్టు

మాటల లెక్కలు కట్టి ఏ రాత ఎవరిదో తేల్చడమే మనవరాలి ఉద్యోగం. ఈసారి లెక్క తేలేసరికి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు.

"అమ్మమ్మా! పెళ్ళికి ముందు నీకొచ్చిన ప్రేమలేఖలు తాతయ్యవి కావు!"

"దస్తూరీ ఆయనదేగా?"

"దస్తూరీ ఆయనదే, మాటలే వేరేవాళ్ళవి! తాతయ్య డైరీలన్నీ గాలించినా 'అన్నట్టు' అనే మాట ఒక్కటీ లేదు. ఈ ఉత్తరాల్లో నూట పన్నెండున్నాయి!"

"పాపం, ఆయనకి సిగ్గెక్కువే."

"ఎవరో చెప్తుంటే రాశారు! నీకు కోపం రావట్లేదా?"

"కోపమెందుకే? అన్నట్టు, ఆ మూడో ఉత్తరం చదివావా? బాగా కుదిరింది కదూ?"

"అమ్మమ్మా... నువ్వా!"

"మరి? నాకేం వినాలనుందో ఆయనకెలా తెలుస్తుందే!"