ఉప్పు పూసిన బిడ్డ పాట

(చిట్యాల దగ్గర ఒక ఊరు. క్రిస్మస్ ముందురోజు పొద్దున, గుర్వమ్మ గొర్రెల దొడ్డి. అక్కడికి వచ్చినవాళ్లు ఈ ఊళ్లోనే పుట్టి పట్నంలో పెరిగిన చరిత్ర లెక్చరర్ అమరేందర్, అతని దగ్గర పరిశోధన చేస్తున్న మనస్విని.)

"సార్, పాస్టరు గారికి ఫోన్ కొట్టి ఆపమనండి. ఇంకో గంటల చర్చిల ఆ రాయి మీది పరదా తీస్తరు."

"ఆపు మనస్వినీ. రాయి మీద ఏమున్నది? ‘నూరేండ్ల క్రిస్మస్ పాట, నిర్ధారించినది అమరేందర్’ అని. పన్నెండేండ్ల కష్టం. ఒక గొర్రె కోసం ఆపాల్నా?"

"గొర్రె కోసం కాదు సార్. నాటకానికి గొర్రెపిల్ల కావాలని వచ్చినం. వచ్చేసరికి గుర్వమ్మవ్వ గొర్రె ముందల కూసొని అదే పాట పాడుతాంది. అదే బాణీ, అవే మాటలు. యేసయ్య ఒక్కడే లేడు."

"చర్చిల విని నేర్చుకున్నవు కదా అవ్వా?"

"నేనెందుకు నేర్సుకుంట కొడుకా? మా అత్త నేర్పింది. తల్లి సచ్చిన పిల్లకు ఉప్పు పూసి, ఇంకో గొర్రె ముందల ఇడుస్తం. అది పిల్లను నాకేదాక పాడుతం. నాకిందంటే పాలిస్తది."

"ఉప్పు... ‘ఉప్పు పూసిన బిడ్డ, ఒడికి తీస్కో తల్లీ’..."

"ఆ చరణం మీద మీరు ఒక అధ్యాయమే రాసిండ్రు సార్. ఉప్పంటే లోకానికి సారం అని."

"ఆ అధ్యాయానికే నాకు డాక్టరేటిచ్చిండ్రు. నవ్వకు."

"నేను నవ్వలే సార్. గొర్రె తుమ్మింది."

"సరే. ఎవరో తెల్ల దొరసాని మీ దొడ్డికాడ విని చర్చికి తీసుకపోయిందనుకుందాం. నూరేండ్లు నిలబడ్తయి. రాయి నిలబడ్తది. నేనూ నిలబడ్త."

"ఏ దొరసాని కాదు. నేనే తీస్కపోయిన."

"నువ్వు మల్లన్నకు మొక్కేదానివి. చర్చికెందుకు పోయినవు అవ్వా?"

"నాటకానికి నిజం గొర్రె గావాలన్నరు. గొర్రెను, తల్లి సచ్చిన ఒక పిల్లను పట్టుకపోయిన. నా పెండ్లైన కొత్తల. నలభై ఏండ్లుంటయేమో."

"నలభయ్యా? పాటల పుస్తకంల ‘ప్రాచీన గీతం’ అని ఉన్నది కదా మనస్వినీ."

"రాసినోళ్లు దొరక్కపోతే అట్లనే వేస్తరు సార్. మనం గూడ వేస్తం."

"నువ్వు జర నోరు మూసుకో. అవ్వా, నువ్వు చెప్పు. ఏమైంది?"

"నాటకం నడుస్తాంది. గొర్రె ఆ పిల్లను తంతాంది. గడ్డిల పండవెట్టిన బాలయేసు ఏడుపందుకున్నడు."

"బొమ్మ ఏడుస్తదా?"

"బొమ్మ కాదు బిడ్డా, నిజం పోరడే. మరియమ్మ ఏసం కట్టిన పిల్ల భయపడి, పోరన్ని నా ఒడిల పడేసి ఉరికింది. నాకొచ్చింది గొర్రె పాటొక్కటే. పాడిన. గొర్రె పిల్లను నాకింది, పోరడు ఊకున్నడు."

"చర్చిల ఎవరూ ఏమనలేదా అవ్వా?"

"ఏమంటరు? పండుగ పాటనుకొని అందరు లేసి నిలవడ్డరు. ఆపుదామంటే పోరడు మల్ల ఎత్తుకుంటుండె. ఆపినప్పుడల్ల ఏడుపే. తెల్లారేదాక పాడిచ్చిండు. గప్పటికి ఊరందరికి నోటికొచ్చింది. యేసయ్య పేరు ఎవలికి తోసిన కాడ వాళ్లు కలుపుకున్నరు."

"పన్నెండేండ్లు. ఢిల్లీ పోయిన, మద్రాసు పోయిన. పాట పుట్టిచ్చినోడు ఒక ఏడుపుగొట్టు పోరడా? వాని పేరేంది అవ్వా? రాయి మీద వాని పేరే చెక్కిస్త."

"ఒట్టున్నది, చెప్పొద్దు. ఆ ఏడు చర్చోళ్ల ఇండ్లల్ల చంటిపిల్లలు లేకుండ్రి. మా పక్కింటామెను అడిగితే దొంగతనంగ ఇచ్చింది. వాళ్లత్తకు తెలిస్తే ఇంట్లకు రానియ్యదని నాతోని ఒట్టేయించుకున్నది."

"అత్త ఉన్నదా ఇంక?"

"పోయి శాన ఏండ్లాయె."

"మరి ఒట్టు కూడా పోయినట్టే. సార్ ఉద్యోగం, పరువు అన్నీ దాని మీదనే ఉన్నయి అవ్వా. చెప్పు."

"చెప్పు అవ్వా. ఎవడైనా సరే, వాన్ని ఈ పొద్దే చర్చిల నిలబెట్టి అడుగుత. నా బతుకు ఆగం చేసినవేందిరా అని."

"నిలవెడ్తవా? జర తల్లి పేరు ఇను ముందు. అరుణమ్మ."

"అరుణమ్మ... మా అమ్మ."

"మరి. ఆ తెల్లారేదాక ఊరిని నిద్రపోనియ్యనోడు ఇంకెవడు, నువ్వేనాయె అమరేందరూ."