మస్తాన్ మామ లారీకి కొత్త ఫిల్టరు

"తాతా, ఆదోనిలో నీ అంత మెకానిక్కు లేడంటావు. మరి మా నాయన స్కూటరు ఆగిపోతే నీకు సెప్పకుండా సందు సివర షాపుకి తోసుకుంటా పోతాడెందుకు?" అని అడిగినా. తాత ముందు మీసం దువ్వుకున్యాడు. ఆ పైన మొదలుపెట్టినాడు.

ఏం మే మనమరాలా, నన్నే ఆడిపోసుకుంటాండావా? రాసుకో. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఈ చెయ్యి పడని లారీ లేదు. నేను పానా పట్టుకుంటే ఇంజను వణకల్ల! ... యాడ వణుకుతాది లే. వణికింది నా చెయ్యే. అంతా బిగించినంక ఎప్పుడూ రెండు నట్లు మిగిలేవి. జేబులో ఏసుకొని ఇంటికొస్తాంటి. మీ నాయన వాటితో గోలీలాడి పెరిగినాడు, అందుకే నమ్మడు.

యాడున్నా? ఆ, నట్లంటే మస్తాన్ మామ లారీ యాదికొచ్చింది. నువ్వు సూళ్ళేదు దాన్ని. మిలిట్రీవాళ్ళు వాడి వాడి యాలం ఏస్తే మామ వయసులో ఉన్నప్పుడు పాడుకొచ్చినాడు. పచ్చగా, ఏనుగు మాదిరి ఉండేది. ఏనుగు కాదులే, ఎనుము అనుకో, మూతి అట్ల ముందుకు పొడుసుకొని ఉంటాది. దాంట్లో పత్తి బేళ్ళు తోలి తోలి కొడుకు మాబును సాకినాడు. మాబు నా జతగాడు, తెల్సు గదా.

ఆ బండికి ఆయిలు వడగట్టే డబ్బా ఒకటుండె, పాతకాలం ఫిల్టరు. దాని లోపల ఏసే సరుకు ఇప్పుడు యాడా దొరకదు. మామ ఏం సేసేటోడంటే, ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ ఉంటాది సూడు, మెత్తంది, దాన్ని మడతలు పెట్టి డబ్బాలో కూరేటోడు. నల్లగైతే డీజిల్లో పిండి ఆరేసి మళ్ళా కూరేటోడు. ఎన్నేండ్లో అట్లనే నడిసింది. ఇంజను మీగడ మాదిరి తిరుగుతాండె. రొంత ఆయిలు కారేది, అంతే.

పోయినేడు కాదు, ఆ ముందేడు... మామ మంచాన పడినాడు. ఒకటే మాట. "నా బండెక్కి ఎమ్మిగనూరు పోయి మా అక్కను సూసొస్తాన్రా" అంటాడు. అక్కంటే ఆయప్ప కన్నా పెద్దది మే, ఆలోచించు. "కార్లో పోదాం నాయనా" అని మాబు అంటే, "ఇంటి ముందర నా హారను మోగితేనే ఆమె బయటికొస్తాది" అనె. సరే, దారిలో ఆయిలు కారకుండా ఉండల్లని మాబు ఫోన్లో సూసి కొత్త రకం ఫిల్టరు తెప్పించినాడు. తిప్పి బిగించే డబ్బా, దానికొక స్టాండు, రెండు రబ్బరు పైపులు. "అన్నా, నువ్వే ఏయల్ల" అనె. "ఇదెంత పని" అంటి.

స్టాండు సాసీకి, అదే బండి కింది ఇనుప సట్రానికి, బిగిస్తిమి. ఆయిలు వచ్చే పైపు, పోయే పైపు, బాణం గుర్తు సూసుకొని సరిగ్గానే పెట్టినా. దాంట్లో నన్ను అనేదానికి లేదు. స్టార్టు సేస్తే సుక్క కారలే. మరి కొత్త సామాను ఏసినంక ఊరికే తోల్తారా? గంధం కలుపుకొని పోయినా. మాబు దర్గా కాడి నుంచి పచ్చదారం తెచ్చి అద్దానికి కట్టినాడు. నేను స్టీరింగుకి, బానెట్టుకి, ముందరున్న మీటర్లకి గంధం పూసి బొట్లు పెడ్తాంటే, "దట్టంగా పెట్టన్నా, ఈ ముసల్దానికి ఒక దేవుడు సాలడు" అని నవ్వినాడు. ఇంగా దట్టంగా పెట్టినా. ఆ మీటర్లలో ఒకటి ఆయిలుది మే. దాని ముల్లు కింద పడితే ఆ నిమిషమే బండి ఆపల్ల. ముల్లేమో గంధం యనక ఉండిపోయె.

మామను ఎత్తి క్యాబిన్లో కూసోబెడ్తిమి. ఉతికిన జుబ్బా, అత్తరు, పెండ్లికొడుకే. మాబు తోల్తాండె, ఊరు దాటినాం. మామకి సెవికాడ అరిస్తే తప్ప ఇనపడక శానా కాలం. సెప్పులిడిసి పాదాలు కింద రేకుకి ఆనించినాడు. రొంచేపటికి "ఆపండ్రా, అదురు మారింది" అనె. నేనేమంటినో తెల్సా? "కొత్త ఫిల్టరు గదా మామా, ఇంజనుకి అలవాటు కావల్ల" అంటి. ఏదో ఒకటి సెప్పల్ల గదా, పెద్ద మెకానిక్కుని! మళ్ళా "అదురు మారిందిరా" అనె. మాబు నా మొగం సూసినాడు. "పోనీలే" అంటి.

ఠంగుమని ఒకటే దెబ్బ. ఇంజను పట్టేసి బండి ఆడికాడే నిలబడిపోయింది. దిగి సూస్తే, పైపుకి నేను బిగించిన క్లిప్పు జారి పైపు యాలాడ్తాంది, యనక రోడ్డు పొడుగునా నల్లగీత. ఎక్కి గంధం తుడిసినా. ముల్లు సున్నా మీద పండుకొని ఉండాది.

మామను ఆటోలో ఇంటికి తెస్తిమి. తిట్టలేదు. "బాగు సేసుకోండిరా, నేనుంటా" అన్యాడు. ఇంజను ఇప్పితే లోపలంతా కరుసుకొని పోయింది, సామాను యాడ తిరిగినా దొరకల. కార్లో పోదామని మాబు అడుగుతానే ఉండె, "బండి బాగు కానీలే" అని ఆయప్ప అంటానే ఉండె. ఉగాది పోయె, రంజాను పోయె. ఆయప్పా పోయె.

ఆ గుడ్డ ఫిల్టరే ఉండనిచ్చింటే... కారితే కారింది మే. సుక్క సుక్క కారుకుంటానే పోయి, సూసి, వచ్చింటాడు. ఆ అక్క ఇంగా ఉండాది. ఏ లారీ హారను ఇనపడినా లేసి వాకిలి కాడికి పోతాదంట.

తాత ఇంటి లోపలికి తొంగి సూసినాడు.

మీ అవ్వ యాడుంది? పెరట్లోనా? సరే. గొంతు తగ్గించు... ఏం లేదు, ఇంజను ఇప్పినప్పుడు ఉరుకుంద ఈరన్నకి మొక్కుకుంటి, ఇది తిరిగితే తల ఇస్తా సామీ అని. తిరగలే. అయినా మామ పోయినంక మనసు ఊరుకోక, బస్సెక్కి పోయి గుండు కొట్టిచ్చుకొని వచ్చినా. లారీ కోసరం గుండంటే ఊరు నవ్వదా? వాకిట్లో మీ అవ్వ "ఎందుకీ గుండు" అని అడిగె. "నీ మోకాళ్ళ నొప్పులకే" అని నోటికొచ్చింది సెప్పినా. ఏడ్సింది మే ఆమె. ఇన్నేండ్లలో నా కోసరం ఏం సేసినావని రోజూ దెప్పేది, ఆపొద్దు నుంచి మానేసింది. నా మొగుడు నాకోసరం తల ఇచ్చినాడని వీధంతా సెప్పుకున్యాది. నొప్పులు గూడా తగ్గినాయంట...

ఇప్పుడెట్ల సెప్పేది మే?