వేరుకు అంటిన మట్టి

కరోనా రెండో ఏడు. సూరత్‌లో తెలుగువాళ్లుండే నవాగామ్ సందులో, జ్వరానికి కషాయం కాచుకునే నేలవేము కట్టలు అమ్మే బండి దగ్గర ఒకామె ఆగింది.

“ఆకు గింత నిగనిగలాడుతుందేందన్నా?”

“కిమ్ ఊరి దిక్కు చేనుది చెల్లే. మంచి మట్టి.”

“మా ఊర్ల రాళ్లగట్టు మీది ఆకు నమిలితే పొద్దంతా నోరు చేదుండేది. ఇది నమిలితే గడ్డి లెక్కుంది.”

“అందరు గిదే కొంటున్నరు.”

“మా ఆయనకు మూడు దినాల సంది జ్వరం. జర వేరు చూపియ్యి.”

“కషాయం ఆకుతోని కదా, వేరెందుకు?”

“చూపియ్యన్నా... మట్టి గిట్ల నీలంగుందేంది? బట్టలకు రంగులేసే మిల్లు మోరీ పక్కన పెంచినవా?”

“నీళ్లు ఆడనే దొరుకుతయి.”

“మీ ఇంట్ల జ్వరమొస్తే గిదే తాపిస్తవా?”

అతను కట్టను వెనక్కి తీసుకున్నాడు.

“మా ఆమెను నిన్ననే దవఖానకు తోలుకపోయిన. నువ్వు గూడ మీ ఆయనను జల్ది తోలుకపో.”