ఒకటో నంబరు విమానం

ఒక ఆదివారం ఎలీషబా కంప్యూటరు ముందే ఒరిగిపోయి, కన్నుమూసింది. ఆమె జట్టును నడిపిస్తున్న యుద్ధ విమానాల ఆట సగంలో ఆగిపోయింది. నెల తర్వాత, ఒక మధ్యాహ్నం, ఆమె భర్త వరప్రసాదం మాస్టారు ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"బావా, వినపడతాందా? నేను మల్లికను, బేస్తవారిపేట. అక్క జట్టులో నలుగురమూ ఉన్నాం."

"ఉన్నానమ్మా. నన్నెందుకు పిలిచినారు?"

"ఆట ఆగిన చోటే మళ్లీ తెరిచినాం. ఆ రోజు బాంబులేసి తిరిగొస్తన్నాం. 'తర్లుపాడు దాటినాం' అన్నది అక్క. మళ్లీ మాట లేదు."

"తర్లుపాడేంది, ఆకాశంలో?"

"దారి గుర్తులకు మన రైలు స్టేషన్ల పేర్లే పెట్టింది బావా. దిగేది మార్కాపురంలో."

మాస్టారు నవ్వాడు. నెలలో ఇదే మొదటి నవ్వు.

"అక్క మా పేర్లు పిలిస్తేనే మేం దిగేది. అందరూ దిగినాక ఆఖర్న తను. ఇయ్యాల మీరు పిలవాల."

"నాకు ఆట రాదు తల్లీ."

"హాజరు పిలవడం రాదా? మీ దగ్గరే నేర్చుకున్నానని అక్క చెప్పేది."

తెర మీద మబ్బులు ఆరబోసిన పత్తిలా ఉన్నాయి. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"దాసయ్య... ఝాన్సీ... హనుమంతు... మల్లిక."

"ప్రజెంట్, బావా. నలుగురమూ దిగినాం. ఇంక అక్కదే, ఒకటో నంబరు. దానంతటదే ఎగురుతాంది. ఎట్ల దించాల్నో చెప్పమంటారా?"

"ఇప్పుడొద్దమ్మా. కాసేపు ఉండనీ."

మార్కాపురం మీద ఒకటో నంబరు విమానం ఇంకా దిగలేదు.