ఖాళీ బస్సు

బస్సాగే మలుపులో కోడలు భుజాన సంచితో నిలబడి ఉంది. అత్త గొడుగేసుకుని వెనకాలే వచ్చింది.

“ఇంటికి పదవే. బస్సిక రాదట. జనం ఎక్కడం లేదని ఆపేశారు.”

“ఎక్కడం లేదా? రోజూ కాలు పెట్టే చోటుండదు కదత్తయ్యా!”

“ఎంతమంది ఎక్కుతున్నారో చూడ్డానికి మొన్న బస్సు ఆఫీసరొచ్చాడుగా. ఆయన ముందు తోసుకుంటే ఊరి పరువు పోతుందని, ఊరిపెద్ద కదా, మీ మామయ్య అందర్నీ ఇళ్లల్లోనే ఉండమన్నాడు.”

“నన్నూ అందుకేనా ఆపింది?”

“బస్సు మాత్రం చూడముచ్చటగా ఖాళీగా వెళ్లింది.”

“మరి నా నర్సు ట్రైనింగో?”

“పోనీలే, ఇంటిపట్టున ఉంటుందన్నాడు మీ మామయ్య.”

“మీరేమన్నారు?”

“నా కంటి ఆపరేషనుకీ ఆ బస్సే కదే అన్నాను. పేపరు చదువుకుంటున్నాడు. పద, ఎండెక్కుతోంది.”

“ఇంకాసేపు చూద్దాం అత్తయ్యా.”

“సరే. గొడుగు కిందికి రా.”