సాన్ పెలాయో చర్చి తాళంచెవి

(ఉత్తర స్పెయిన్‌లో ఓ కొండ ఊరు. పాత చర్చి దక్షిణపు తలుపు ముందు తాళంచెవి కాపాడే ఎదూవిజెస్ అవ్వ, బిషప్ ఆఫీసు నుంచి వచ్చిన లియాంద్రో.)

"అంటే నలభై ఏళ్లు నా నడుముకి వేలాడిన తాళంచెవి ఇకమీద మీ ఆఫీసు గోడకి వేలాడుతుందన్నమాట. నయమే, గోడకి నడుంనొప్పి రాదు."

"నా చేతుల్లో ఏం లేదవ్వా. చూడాలనుకున్నవాళ్లు ముందురోజు ఫోన్ చేస్తే మేమే వచ్చి తెరుస్తాం."

"అరవై కిలోమీటర్ల నుంచి. బాగుంది. లోపలి విశేషాలెవరు చెబుతారు?"

"బోర్డు పెడుతున్నాం. పన్నెండో శతాబ్దం, గుండ్రటి కమాను, మందపు గోడలు, ఇరుకు కిటికీలు..."

"చూరు కింద వీణ వాయించే గాడిద?"

"'జంతు శిల్పం' అని రాశాం."

"అది గాడిద కాదు, అప్పటి ఫాదర్. పాట అలా పాడేవాడట."

"ఆధారం ఉందా?"

"ఇప్పటి ఫాదర్ పాట విన్నావా?"

"అవ్వా, తాళంచెవి..."

"ఉంగరం కొత్తగా మెరుస్తోందే. పెళ్లయి ఎన్నాళ్లు?"

"పదహారు రోజులు."

"పదహారో రోజున ముసలిదాని మీదికి తోలారా నిన్ను. పాపం ఆ పిల్ల."

"కార్లోనే ఉంది. నెరేయా. లోపల స్తంభం మీద కౌగిలించుకున్న జంట ఉందట కదా, అది చూడాలని పొద్దుట్నుంచీ ఒకటే గొడవ."

"బోర్డులో వాళ్లనేమన్నారు?"

"'మానవాకృతులు, రెండు.'"

"ఆ మాట మీ ఆవిడ దగ్గర అనకు. ఇదిగో, తీసుకో."

"ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నారా? తగాదా పడతారని చెప్పి పంపారే."

"బిషప్ గారితో నాకేం తగాదా? తెరువు, మీ ఆవిడ కార్లోంచి చూస్తోంది."

"తిరిగింది... కానీ తలుపు రావట్లేదే."

"తోయి."

"తోస్తూనే ఉన్నాను."

"బోర్డు చదువుతూ తోయి."

"తాళంచెవి ఇదేనా అసలు?"

"ఇదే. మా ఆయన బతికుండగానే ఎడమ గోడ జానెడు ఒరిగింది. తలుపు బిగుసుకుపోయింది. తాళం గడియకీ, అది దూరాల్సిన గోడ కన్నానికీ మాటల్లేక ముప్పై ఏళ్లు."

"మరి మీరు రోజూ తిప్పి తెరిచేవారుగా?"

"తిప్పేది చూడవచ్చినవాళ్ల కోసం. తెరిచేది మోకాలితో. సరిగ్గా ఒక్కచోట తగలాలి."

"ఎక్కడ? అవ్వా, తను దిగి వస్తోంది. ఎక్కడో చెప్పండి."

"ఏదీ, మీ ఆఫీసువాళ్లు రాసిచ్చిన ఆ కాగితం ఇటివ్వు. 'తాళంచెవి అప్పగించవలెను.' అప్పగించాను. మోకాలి ఊసు ఎక్కడా లేదు నాయనా."