గోడవైపు తిరిగిన ఆరుగురు

1994 జూలై పదకొండున కరీంనగర్‌లోని మన కళాశాలలో జంతుశాస్త్ర అధ్యాపకులుగా చేరిన శ్రీ బొల్లం సామ్యూల్ గారు, ముప్పై రెండేళ్ల నిష్కళంక సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ‘నిష్కళంక’ అన్న మాట వారికి నచ్చలేదు. అసలు సంగతి రాయకపోతే మన పత్రికలో ఈ వ్యాసమే వద్దన్నారు. కనుక రాస్తున్నాను.

1998లో, పరిణామ పాఠాన్ని కళ్లకు కట్టాలన్న ఉత్సాహంతో, వారే గోడంత నల్ల గ్రానైట్ పలకపై కోతి నుంచి మనిషి దాకా ఆరు నిలువెత్తు బొమ్మలను వరుసగా చెక్కించి ప్రయోగశాలలో నిలబెట్టించారు. అద్దంలాంటి ఆ రాతిలో చూసేవారి ముఖమూ కనిపించేది. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో మగపిల్లలమంతా ఆరో బొమ్మ ముందు నిలబడి తల దువ్వుకునేవాళ్లం.

2003లో ఉట్నూరు వైపు గోండుగూడెం నుంచి వచ్చిన ఆత్రం జంగుబాయి, పొట్టి మనిషి, మూడో బొమ్మ ముందు ఆగింది.

“సార్, నా మొకం గీ వంగినోని మీద వడుతుంది. నా జాగ గదేనా?”

తరగతి ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ని నేనే. మర్నాటి నుంచి ఆమె రాలేదు. సార్ బస్సెక్కి ఆమె ఇంటికి వెళ్లారు. “బిడ్డ పత్తి ఏరవోయింది సార్. ఇగ రాదు” అన్నది తల్లి.

తిరిగొచ్చిన రోజే సార్ ఎనిమిది మంది కూలీలతో పలకను గోడవైపు తిప్పించారు. దాని గరుకు వీపు మీద ఏటా సుద్దముక్కతో ఒక గుబురు పొదను గీసి, చీమనూ కప్పనూ మనిషినీ సమానమైన ఎత్తున, కొనకొకరిగా నిలిపేవారు. “వరుస జూసిన కన్ను నడుమ తప్పిపోయినోణ్నే ఎతుకుతది. పొద జూసిన కన్ను కొమ్మ యాడ చీలిందో ఎతుకుతది. బొమ్మ మారితే ప్రశ్ననే మారుతది” అనేవారు.

అటెండర్ ఐలవ్వ మాత్రం మధ్యాహ్నం పూట అక్కడ ఊడవదు. “గోడల నడుస్తున్నరు సార్, అడుగుల సప్పుడు ఇనవడ్తంది” అంటుంది. అధ్యాపకుడిగా ఇక్కడికే తిరిగొచ్చిన కొత్తలో ఎలుకలని కొట్టిపారేశాను. తర్వాత నేనూ విన్నాను.

గత నెల, సార్ పేరు చెక్కించి సన్మానిద్దామని మేమే పలకను ఇటు తిప్పించాం. నడుం నొప్పితో వంగిన నేను దుమ్ము తుడిచి చూస్తే, మూడో బొమ్మ తల మీద నా ముఖం ఉంది. ఎవరూ నవ్వలేదు.

“అరుణ్, గా పిల్ల నిలవడ్డ జాగ గదే” అన్నారు సార్ మెల్లగా. “నా పేరు ఒద్దు. జర తిప్పేయుండ్రి.”

తిప్పేశాం. ఈ సంచిక ప్రతి ఒకటి, నా క్షమాపణతో, జంగుబాయి గారి ఊరికి పంపుతున్నాను. ఈ ఏడు ఆ పొదను నేను గీస్తాను. సామ్యూల్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనశ్శాంతితో నూరేళ్లు వర్ధిల్లాలనీ, వారున్నన్నాళ్లూ, ఆ తర్వాతా, ఆ ఆరుగురు మళ్లీ ఇటు తిరగకూడదనీ మనసారా కోరుకుంటున్నాను.

— అరుణ్‌కుమార్, జంతుశాస్త్ర విభాగం